చెరువు గట్టుకి సరిపోయే టైర్లు

మా బావ పోయాడన్న కబురు నాకు సామర్లకోటలో లోడు దించుతుండగా అందింది. "మీ బావగారు ఇక లేర్రా తమ్ముడూ," అంది అక్క ఫోన్లో. ఆ తర్వాత ఏడుపే. గుండెనొప్పట. ఒంట్లో బాగోలేదని ఆ ఒక్క ట్రిప్పుకే ఇంట్లో ఉండిపోయాడు. నిడదవోలులో సమాధుల తోటకి మోసుకెళ్ళిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అయినా నాకింకా నమ్మకం కుదరడం లేదు.

మా ఇద్దరికీ కలిపి ఒకటే లారీ. స్టీరింగు దగ్గర వంతులేసుకునేవాళ్ళం. అన్నింట్లోనూ సర్దుకుపోయేవాళ్ళం, ఒక్క టైర్ల విషయంలో తప్ప. ముందు చక్రాలతో తగాదా లేదు. నిలువు గీతల టైర్లు వేస్తే బండి స్టీరింగు మాట వింటుంది. రచ్చంతా వెనక చక్రాల దగ్గరే. హైవే మీద వేడెక్కకుండా మెత్తగా పోయే రేడియల్ టైర్లు కావాలని నేను. బురదని కరిచిపట్టే లోతు గళ్ళ లగ్ టైర్లు, అవీ పక్కలు మందంగా ఉండే నైలాన్‌వే కావాలని బావ. రొయ్యల చెరువులకి మేత తోలడమంటే తనకి ప్రాణం. వాన పడితే ఆ గట్లు ఎలా ఉంటాయో మీలో చూసినవాళ్ళకి తెలుసు.

"రేడియల్ టైరుకి పక్కలు పల్చనరా. గట్టు మీద రాయి గీరిందంటే చీరుకుపోద్ది. మేత వెళ్ళకపోతే ఆ రైతు గతేంటి? లోడు ఎక్కడ దించుతామో చూసుకుని టైరు కొనాలి," అనేవాడు. ప్రతిసారీ లగ్ టైర్లే వచ్చేవి.

కొత్త టైర్లు బిగించాక అందరూ నిమ్మకాయలు తొక్కిస్తారు. బావ మాత్రం ఒక్కో టైరు మీద చెయ్యేసి ప్రార్థన చేసేవాడు. స్టెప్నీని కూడా వదిలేవాడు కాదు. ఎండలో నిలబడి ఆమెన్ అనడం నా వంతు.

ఒకసారి మాత్రం మొండితనానికి దెబ్బతిన్నాడు. నరసాపురం వైపు దారులు గుంతలు పడ్డాయి, లారీ కాస్త ఎత్తు లేస్తే మంచిదని వెనక ఒక సైజు పెద్ద టైర్లు వేయించాడు. వెనక టైర్లు జోడుగా ఉంటాయి, రెండింటి మధ్యా సందు ఉండాలి. లోడు పడేసరికి రెండూ ఉబ్బి ఒకదాన్నొకటి రాసుకున్నాయి. రబ్బరు కమురు వాసన. దిగి చూసి, "ఏంటి బావా, ఎత్తు చెప్పులేసుకుంటే పొడుగైపోతామా?" అన్నాను. రోడ్డు పక్కన కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "పెళ్ళిచూపులకి అలాగే వెళ్ళాన్రా. మీ అక్కకి చెప్పకు."

ఇప్పటికీ చెప్పలేదు.

పోయిన వారం వెనక టైర్లు మార్చక తప్పలేదు. కొట్టుకి ఒక్కణ్ణే వెళ్ళాను. "మీరేది చెప్తే అదేనండి," అన్నాడు కొట్టాయన. కాదనేవాడు లేకపోతే ఇంత చేదుగా ఉంటుందని నాకు తెలీదు. అక్కకి ఫోన్ చేసి, రేడియల్ వేస్తే ఇక చెరువుల బేరం వదులుకోవాల్సిందేనన్నాను. గట్టు మీద ఒకరు నడుపుతుంటే ఒకరు దిగి దారి చూపాలి. ఇన్నాళ్ళూ దిగింది బావే.

"నువ్వొక్కడివీ ఆ గట్లమీదకి వెళ్ళొద్దురా," అంది అక్క. "నాకు నువ్వన్నా మిగలాలి."

రేడియల్సే తీసుకున్నాను. ఇన్నేళ్ళకి నా మాట నెగ్గింది. నెగ్గినట్టు మాత్రం లేదు.

లగ్ టైర్లు తారురోడ్డు మీద హోరుమంటాయి. ఆ హోరులో ఇన్నేళ్ళూ ఒకరికొకరం అరుచుకుంటూనే మాట్లాడుకున్నాం. మొన్న రావులపాలెం వంతెన మీద లారీ పడవలా సాగిపోతుంటే, అలవాటుకొద్దీ గొంతు చించుకుని అరిచాను: "బావా, చూశావా ఎంత మెత్తగా పోతుందో!" క్యాబిన్‌లో ఇప్పుడు గుసగుసలాడినా వినబడుతుంది. పక్కన పోతున్న ఆటోలోంచి ఒకావిడ, ఎవరిని పిలుస్తున్నానా అని తలెత్తి లోపలికి చూసింది.