బండ మీది అలలు

మొన్న కర్నూలులో తుంగభద్ర ఇసుకలో నడుస్తుంటే, నీళ్లు తగ్గిన చోట ఒకదాని వెంట ఒకటిగా పడిన సన్నని అలల గీతలు కనబడి, పనిమీద వచ్చినవాణ్ని పని మరచి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నా ఈడువాళ్లం సీమలో బోరు లారీల చప్పుడు వింటూనే పెరిగాం కదా, నీటి గుర్తు ఏది కనబడినా మనసు పాత తోటల్లోకి పోతుంది.

నేను భూగర్భశాస్త్రం ఆఖరి ఏడు చదువుతుండగా, కమలాపురం దగ్గర మా పెద్దనాయన చీనీతోట, అంటే బత్తాయి తోట, ఎండుముఖం పట్టింది. కాయలు నిమ్మకాయంత ఉండగానే రాలుతున్నాయి. ఆ వేసవిలో ఇంకో బోరు పడకపోతే చెట్లు దక్కవు. తోట మూలన గుంత తవ్వితే అచ్చం ఇటువంటి గీతలే ఉన్న బండ బయటపడింది. పెద్దనాయన దానికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాడు.

"నీళ్లు నడిసిన జాడప్పా ఇది. బోరు ఈడనే ఎయ్యాల."

నేను వద్దన్నాను. చెట్టూ పుట్టా ఏవీ లేని కాలంలో సముద్రం ఇక్కడి నేలలోకి చొచ్చుకొచ్చి అఖాతమైందని, ఏర్లు తెచ్చిన ఇసుక, బురద దాన్ని మెల్లగా పూడ్చాయని, అవి పొరలుగా బిగిసి రాయి అయ్యాక నేల పైకి లేచి తీరం ఎక్కడికో జరిగిపోయిందని, ఈ గీతలు ఆనాటి అలలవే గాని ఇప్పటి ఊటవి కావని వరుసగా చెప్పాను.

పెద్దమ్మ పడీపడీ నవ్వింది. "బిందె నీళ్లకు కొట్లాడే ఊర్లో సముద్రం ఉండిందంట, ఇనండి!"

పెద్దనాయన నవ్వలేదు. "ఉండిందే అనుకో. అన్ని నీళ్లు యాడికి పాయ మరి? యాడ ఎయ్యాల్నో నువ్వే చూపీప్పా."

కాలేజీ నుంచి తెచ్చుకున్న భూగర్భ పటం తిప్పి తిప్పి చూశాను, పొరల వాలు కొలిచాను, ఇక్కడ అని వేలు పెట్టలేకపోయాను. కడకు బండ పక్కనే బోరు వేశారు. తెల్లటి దుమ్ము లేచి అందరి తలలూ నెరిసిపోయాయి, తడి మాత్రం తగల్లేదు. పెద్దనాయన ఆ పిండి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"సముద్రమంటివే, ఉప్పే లేదే?"

ఎగతాళి చేశాడో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

తోట ఆ ఏడే పోయింది. ఆ నేలంతా ఇప్పుడు సోలార్ పలకలు. దారిన పోయే కొత్తవాళ్లు ఎండలో వాటి మెరుపు చూసి చెరువనుకుంటారు. సముద్రం ఎలా వచ్చిందో, ఎలా పోయిందో తడబడకుండా చెప్పగలను గాని, మా కళ్లముందే ఒక్క వేసవిలో పోయిన ఆ చీనీపూల వాసనను ఏ పొరలో వెతకాలో, ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు.