సైడు కాలువ కోసం నిలబడ్డాను

మొన్న పొద్దున వరండాలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే, రాబోయే మునిసిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి నిలబడతానంటున్న కుర్రవాడొకడు నలుగురిని వెంటేసుకుని వచ్చి, నా కాళ్ళకు దణ్ణం పెట్టి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, ఒకప్పుడు మీరు కూడా పోటీ చేశారటగా అన్నాడు. చేశాననీ ఓడిపోయాననీ చెప్పాను. ఎందుకు చేశారని అడుగుతాడేమోనని కాసేపు చూశాను గానీ, అతను తిరగాల్సిన ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయట, వెళ్ళిపోయాడు. ఆ కుర్రవాడు అడగలేదు కాబట్టి, నా ఈడువాళ్ళు మీరైనా ఓపికగా వింటారని రాస్తున్నాను.

మాది మాచర్ల. చుట్టుపక్కల నాపరాయి గనులు, ఊరి బయట ఆ రాళ్ళను కోసి నున్నగా చేసే పాలిష్ యూనిట్లు. నా ఉద్యోగం అలాంటి ఒక యూనిట్లోనే మొదలైంది. మాకు మరి దేనికి కరువున్నా రాతికి కరువు లేదు గనుక ఇంట్లో నేలా రాయే, గోడలో అలమర అరలూ రాయే, గొడ్లు నీళ్ళు తాగే తొట్టీ రాయే. ఇక ఇంటికీ రోడ్డుకీ మధ్య పారే సైడు కాలువ సంగతి చెప్పాలా? గడపలోంచి రోడ్డు మీదికి దాటడానికి ముందుగా ఒక రాయి వేస్తారు, దాని పక్కన సైకిలు పెట్టుకోవడానికి ఇంకోటి, అంట్లు తోముకోవడానికి మరోటి, సాయంత్రంపూట అమ్మలక్కలు కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి కాస్త పెద్దది ఒకటి. అలా ఒకరిని చూసి ఒకరు వేసుకుంటూ పోయేసరికి మా వీధిలో కాలువ ఎక్కడుందో పుట్టి పెరిగిన మాకే తెలియనంతగా మూసుకుపోయింది. మునిసిపాలిటీ వాళ్ళు పారలు పట్టుకుని వచ్చేవారు, పూడిక ఎత్తడానికి సందు లేక బీడీ కాల్చుకుని వెళ్ళేవారు.

ఎగువ ఇళ్ళ వాళ్ళకు దానితో ఏ ఇబ్బందీ లేదు. వీధి పల్లానికి దిగేచోట మా పెద్దమ్మ ఇల్లుండేది. మా అమ్మ మంచాన పడ్డ రోజుల్లో నన్ను పెంచింది ఆవిడే. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడల పాత ఇల్లు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోయడం మన మునిసిపాలిటీల అలవాటు కదా, రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా పెద్దమ్మ ఇల్లు ఆ మేరకు గోతిలోకి పోయేది. గట్టి వాన పడితే కాలువ పొంగి ఆ మురికంతా ఆవిడ వంటింట్లోకి వచ్చేది. గోడలు అడుగు నుంచి నానిపోతున్నాయనీ, ఇంకెన్నో వానలు ఆగవనీ మేస్త్రీ నా ఎదుటే చెప్పాడు. కూతురింటికి వెళ్ళమంటే ఆవిడ వినదు. చచ్చినా ఈ ఇంట్లోనే అనేది. అప్పటి నుంచి ఎక్కడ మబ్బు పట్టినా నాకు ఆ గోడలే గుర్తొచ్చేవి.

మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి. సంబంధించిన ఆయన ఎప్పుడు వెళ్ళినా సెలవులోనో మీటింగులోనో ఉండేవాడు, దొరికిన రోజున మీ వార్డు కౌన్సిలరు చేత చెప్పించండి అనేవాడు. ఆ కౌన్సిలరేమో ఎన్నికయ్యాక మా వీధి మొహం చూడలేదు. ఆ విసుగులోనే, ఆ పదవిలో నేనే ఉంటే ఈ దేబిరింపు ఉండదు కదా అనిపించి, ఎన్నికలు రాగానే ఏ పార్టీ అండా లేకుండా నామినేషన్ వేశాను. అప్పటికే వీధిలో ఎవరికి రేషన్ కార్డు రాకపోయినా, ఎవరి ఇంటి ముందు దీపం వెలగకపోయినా, నా పని మానుకుని వెంట వెళ్ళేవాణ్ణి. ఇంటింటికీ వరసలు కలిపి పిలుచుకునే వీధి మాది. ఎవరు కాదంటారులే అనుకున్నాను.

నేను చెప్పింది ఒక్కటే. అందరం కాలువ మీది రాళ్ళు ఒక్కసారి తీద్దాం, అడుగు దాకా శుభ్రం చేయిద్దాం, ఆ తరువాత గడప ముందు ఒక్క రాయి మాత్రమే ఉంచుకుందాం. కాదన్నవాళ్ళు లేరు. ఎదురింటి వాళ్ళు తీస్తే మేమూ తీస్తామని ప్రతి ఇంటివాళ్ళూ అన్నారు, ఆ ఎదురింటి వాళ్ళూ అదే మాట అన్నారు. చెప్పేవాడు చేసి చూపించాలని ముందు మా ఇంటి రాళ్ళు తీశాను. పెద్ద రాయిని ఎత్తరు, నిలువుగా లేపి ఒక మూల మీద తిప్పుతూ, ఆ తరువాత రెండో మూల మీద తిప్పుతూ మెల్లగా నడిపిస్తారు. అలా నడిపించి గోడకు ఆనించాను. ప్రచారం జరిగినన్నాళ్ళూ మా ఆవిడ చెక్కబల్ల మీదుగా కాలువ దాటుతూ, వచ్చే చుట్టాలు ఆ మురుగు చూసి మూతి తిప్పుకుంటుంటే నన్ను నానా మాటలూ అనేది. వీధిలో మరో రాయి కదిలితే ఒట్టు.

నా మీద పోటీకి నిలబడిన పార్టీ ఆయనది మా వీధి కాదు. ఆయన వచ్చి, గెలిపిస్తే ఈ గరుకు రాళ్ళ స్థానంలో పాలిష్ పట్టినవి వేయిస్తానని చెప్పాడు. కాలువ ఊసే ఎత్తలేదు. అవే రాళ్ళ మీద ఆయన్ను కూర్చోబెట్టి మావాళ్ళు కాఫీలు ఇచ్చారు. అది చూసి కూడా నాకు అనుమానం రాలేదు, ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చేస్తున్నారనుకున్నాను. ఓట్లు లెక్కపెట్టిన రోజున తెలిసింది. ఓడిపోవడమంటే మామూలుగా కాదు, డిపాజిట్టు దక్కింది అదే పదివేలు అని నా స్నేహితులు ఓదార్చారు.

ఆ మర్నాడే వాన. దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాను, ఎవరి మొహమూ చూడాలని లేదు. తలుపు దబదబా బాదారు. వెల్డింగు షాపు మామ, ఆయన వెనక సగం వీధి.

"ఏందిరా ఇంకా పండుకున్నావు? కాలవ పొంగి మీ పెద్దమ్మింట్లోకి నీళ్ళొచ్చినయ్. గడ్డపార తీసుకుని బిన్నా రా!"

వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను? పెద్దమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి బిందెతో తోడిపోస్తోంది. నన్ను చూడగానే ఆవిడ మొహం విప్పారింది. ఆ మనిషి గెలిచాడటగా, ఇక కాలువ బాగుపడుతుందిలే, నేనూ ఆయనకే వేశాను అంది. ఎవరింట్లోనో పెళ్ళి కుదిరిన కబురు చెప్పినంత తేలికగా అంది. నా చేతిలోని గడ్డపార నీళ్ళలో పడింది. నాకెందుకు వెయ్యలేదని అడిగితే నా కన్నా ఆవిడే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

"నీకెందుకురా ఓటు? నువ్వు నా బిడ్డవి. ఏసినా ఎయ్యకపోయినా నే పిలిస్తే రాకుండా పోతావా? ఆయన పరాయోడు. ఓటేస్తేనే గదా రేపు మన మొకం చూసేది. ఇప్పుడైతే నువ్వూ ఉండావు, ఆయనా ఉంటాడు."

"అందరం అట్టాగే అనుకున్నాం రా," అన్నాడు మామ నా వెనక నుంచి. "నువ్వు ఎట్టాగూ మనోడివే గదా."

నమ్మకం లేక వెయ్యలేదంటే ఏదో సరిపెట్టుకునేవాణ్ణి. నన్ను మరీ ఎక్కువగా నమ్మి వెయ్యలేదు. ఇలాంటి వాళ్ళను ఏమని తిట్టాలి? గడ్డపార వెతుక్కుని కాలువ మీది రాళ్ళు తియ్యడం మొదలుపెట్టాను. విచిత్రమేమిటంటే ఆ రోజు ఒక్కరూ అడ్డు చెప్పలేదు, తలా ఒక చెయ్యి వేశారు, ఎక్కడెక్కడి మట్టీ బయటికొచ్చి నీళ్ళు పారాయి. సాయంత్రానికి మళ్ళీ ఇంటింటి నుంచీ కేకలు, మా రాయి మాకు వేసి పో, కోడలు ఎట్టా దాటుద్ది అని. ఒళ్ళు మండిపోతున్నా వేశాను.

గెలిచినాయన ఒకే ఒక్కసారి వచ్చాడు. నాలుగు ఇళ్ళ ముందు పాలిష్ రాళ్ళు వేయించి, వాటి మీద నిలబడి ఫోటో దిగి వెళ్ళాడు. మరుసటి వానలకు పెద్దమ్మ ఇంటి పడమటి గోడ కూలింది. ఆ సమయానికి ఆవిడ వాకిట్లో ఉంది కాబట్టి ప్రాణం దక్కింది. ఆవిడను గురజాలలో కూతురింటికి నేనే బస్సెక్కించాను. కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరి, ఆయనకు ఇంకా తీరుబడి కాలేదు గాబోలు రా, నువ్వు గుర్తు చేస్తా ఉండు అంది. ఎంత కోపం వచ్చిందో, ఎంత ఏడుపు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ మళ్ళీ మాచర్ల రాలేదు, అక్కడే పోయింది.

ఇప్పుడు కాలువ పొంగితే నా తలుపు ఎవరూ తట్టరు. ఫోనులో ఫోటో తీసి ఫిర్యాదు పెడతారు, సమస్య పరిష్కరించామని మెసేజీ వస్తుంది, మురుగు మాత్రం రోడ్డు మీద అలాగే పారుతుంటుంది. దాన్ని చూసి ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. మామ లేడు, ఆ తరంలో మిగిలింది ఒకరో ఇద్దరో, వాళ్ళ పిల్లల్లో చాలామందికి నేను ఏ వరసవుతానో తెలియదు. నన్ను ఓడించిన వాళ్ళందరి మీదా నాకు కోపం ఉంది, అది పోదు కూడా. కానీ వాళ్ళంత ధీమాగా నన్ను తమవాడనుకునే మనిషి ఈ వీధిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. ఇవాళ నిలబడితే నాకు నాలుగు ఓట్లు ఎక్కువే పడతాయేమో, వీళ్ళకు నేను పరాయివాణ్ణే కదా.