తగ్గుతూ పోతే ఆగుతుందా

మొన్న మా మనవరాలు కామారెడ్డి కోచింగ్‌లో రాసిన పరీక్ష పేపరు తెచ్చి చూపించినప్పుడు నా ఒళ్లు మండిపోయింది. ఒకటి, దానికి సగం, మూడో వంతు, నాలుగో వంతు, ఇలా అంతులేకుండా కూడుతూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా అన్నది ప్రశ్న. ఆగదని, అది అపసరణ శ్రేణి అని పిల్ల సరిగ్గానే రాసింది. దానిమీద ఎర్ర సిరాతో ఇంటూ కొట్టారు. నేనే వెళ్లి అడిగితే అక్కడి కుర్రసారు కుర్చీలోంచి లేవకుండానే, "తాతా, పదాలు సున్నకు పోతున్నయంటే మొత్తం ఆగుతదన్నట్టే. గిట్ల యాదుంచుకుంటె చాలు, పరీక్షల అంత టైం యాడుంటది" అన్నాడు.

సరిగ్గా ఆ నమ్మకమే మా ఇంటిని ముంచింది.

ఎల్లారెడ్డి దగ్గర మాది నలుగురూ తలెత్తి చూసిన ఇల్లు. దసరాకు ఊరందరికీ భోజనం పెట్టడం తాతలనాటి ఆనవాయితీ. అది తప్పడమంటే మా బాపుకు తల తీసేసినట్టుండేది. అందుకోసం ఒక ఏడు పది ఎకరాలు అమ్మారు, మరుసటి ఏడు అయిదు, ఆపైన మూడు చిల్లర. అమ్మ అడ్డుపడితే, "ఏటికేడు తక్కువే అమ్ముతున్న గదనే, ఇంకెట్ల ఒడుస్తది?" అనేవారు. "ఒడిసినంక ఇద్దరం కూసొని లెక్క చేద్దాం తియ్" అనేది అమ్మ.

నేనప్పుడు బస్సులో కామారెడ్డి డిగ్రీ కాలేజీకి వెళ్లేవాణ్ణి. లెక్కల సారు ఇదే శ్రేణి బోర్డు మీద రాసి అడిగితే, నా నోట బాపు మాటే వచ్చింది. ఆయన నవ్వలేదు, సుద్దముక్క నా చేతికిచ్చి కూడమన్నారు. మూడో వంతూ నాలుగో వంతూ కలిపితే సగం దాటింది. తర్వాతి నాలుగు పదాలూ కలిపితే మళ్లీ సగం దాటింది, ఆపైన ఎనిమిదీ కలిపితే ఇంకో సగం. ఈ సగాలకు అంతు లేదని, ఎంత పెద్ద సంఖ్యనైనా మొత్తం దాటిపోతుందని నా చేత్తోనే రాశాను. ఒకటి, సగం, సగంలో సగం, అలా పోతే రెండు దాటదని, తగ్గడం ఒక్కటే చాలదు, ఎంత వేగంగా తగ్గుతుందో చూడాలని ఆయన చెప్పారు.

ఆ సాయంత్రమే బాపుకు చెప్పాను. అంతా విని, "మరి ఈ దసరకు ఊరోళ్లకు ఏమని చెప్పాలెరా?" అన్నారు. ఆ ఏడూ అమ్మారు, చివరికి ఒక్క చెక్కా మిగలకుండా భూమంతా ఒడిసింది. ఆ అన్నం తిన్నవాళ్లే ఆయన తాగి తగలేశాడన్నారు. ఆ నింద నేను ఇప్పటికీ సహించను.

పొలాలు పోయాయి సరే, ఇప్పుడు వాటిలో వరి ఎవరిదో. తప్పు చెప్పిన నన్ను నిజందాకా నడిపించిన కాలం ఒకటుండేది. నిజం చెప్పిన పిల్లకు ఇంటూ కొట్టే కాలానికి వచ్చాం. ఆ కుర్రసారు చేత కూడించాలని సుద్దముక్క కోసం ఆ గదంతా చూశాను. "ఇప్పుడన్నీ తెర మీదనే తాతా" అన్నాడతను.