మళ్ళీ శుభ్రం చేసిన పాటలు

భూషణానిది సామర్లకోట. ఐటీఐ చదివి, 1988లో సౌదీ అరేబియా, జుబైల్‌లోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో కంప్రెసర్ ఆపరేటరుగా చేరాడు. అప్పటికి పాటల పిచ్చేమీ లేదు. ఆ పిచ్చి గల్ఫ్ యుద్ధం వల్ల పట్టుకుంది.

1991 జనవరిలో ప్లాంటులోని అమెరికన్లు చాలామంది వెళ్ళిపోయారు. మనవాళ్ళ పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండిపోయాయి. దేశం దాటడానికి ఎగ్జిట్ వీసా అడిగితే, మరి ప్లాంటు ఎవరు నడుపుతారని ఎదురడిగారు. షిఫ్టు సూపర్‌వైజర్ వాల్టర్ వెళ్తూ వెళ్తూ తన వాక్‌మన్‌నూ ఆరు క్యాసెట్లనూ భూషణం చేతిలో పెట్టి, మొహం చూడలేక గబగబా వ్యానెక్కేశాడు.

అవి డెబ్బైల నాటి అమెరికన్ ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బములు. ఒక్కో పాటా పావుగంట. మాటలు సగం కూడా అర్థమయ్యేవి కావు. స్కడ్ క్షిపణి వస్తోందని సైరన్ మోగినప్పుడల్లా, కిటికీలకు టేపులంటించిన క్యాంపు గదిలో, గ్యాస్ మాస్కు పట్టీ మీదనుంచే హెడ్‌ఫోన్ బిగించుకునేవాడు. ఒక పాటలో డ్రమ్ములు ఆగిపోయి, ఫిడేలు ఒక్కటే పైకి లేచే చోటుంది. అక్కడిదాకా బతికుంటే చాలనుకునేవాడు.

"ఏం ఇంటవన్నా గా లొల్లి?" అని నవ్విన కరీంనగర్ శరత్, అతని గదిలోవాడే, నెల తిరక్కుండా రెండో హెడ్‌ఫోన్ కొనుక్కొచ్చాడు.

యుద్ధం అయిపోయింది. కంప్రెసర్ హౌస్ హోరు మాత్రం ఆగలేదు. చెవులు కప్పుకునే మఫ్‌లు ఇద్దరికి ఒక జత. మిగతావాళ్ళు దూది కుక్కుకునేవారు. షిఫ్టు దిగాక చెవుల్లో ఈల మోగేది, తెల్లారేసరికి పోయేది. కొన్నేళ్ళకు పోవడం మానేసింది. క్యాసెట్లలో ఫిడేలు సన్నబడుతుంటే, టేపు అరిగిపోయిందనుకున్నాడు భూషణం.

2004లో శరత్, అప్పటికి ఖోబర్‌లో ఐటీ ఉద్యోగి, బహ్రెయిన్ నుంచి ఆ ఆల్బముల కొత్త సీడీలు తెచ్చాడు.

"అసలు టేపులు బయటికి దీసి మల్ల సాఫ్ జేసిన్రన్నా. రీమాస్టర్ అంటరు. ఒక్కొక్క తీగ ఇనబడ్తది, సూడు."

భూషణం కళ్ళు మూసుకుని విన్నాడు. డ్రమ్ములు ఆగాయి. తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ డ్రమ్ములు.

"అదేంట్రా, ఫిడేలు తీసేశారు?"

"ఉన్నది గదన్నా. ఇప్పుడే వాయించె."

"వేళాకోళం ఆడకు. ఇంకోసారి పెట్టు."

శరత్ మూడుసార్లు పెట్టాడు. మూడోసారి అతని మొహం చూశాక భూషణానికి వేళాకోళం కాదని తెలిసింది.

మర్నాడు కంపెనీ క్లినిక్‌కి వెళ్ళాడు. డాక్టర్ జ్ఞానప్రసూనాంబ రాజమండ్రి మనిషి. పరీక్ష చేసి, కాగితం చూసి చెప్పింది.

"సన్న శబ్దాలు పోయాయండి. ఇక రావు."

"మేడమ్ గారూ, రాయకండి. ఇది రాస్తే నన్ను పంపించేస్తారండి. పిల్ల పదో తరగతి."

"గ్యాస్ లీకైతే మోగే కీచు అలారం మీకు వినబడుతోందా?"

రెండేళ్ళుగా తను అలారం విని పరిగెత్తలేదు. పక్కవాళ్ళు పరిగెడితే పరిగెత్తాడు. ఆ మాటే ఆమెతో చెప్పాడు. ఆమె కలం తీసుకుంది.

మూడు వారాల్లో, ఇక తిరిగి రావడానికి లేకుండా, ఫైనల్ ఎగ్జిట్ వేశారు. కంపెనీ ఇచ్చిన పత్రంలో, వినికిడి లోపానికి కారణం అన్నచోట 'వయసు' అని ఉంది. అతనికి నలభై ఒకటి. సంతకం పెడితేనే పాస్‌పోర్టు ఇస్తామన్నారు. పెట్టాడు.

సామర్లకోటలో భార్య రత్తమ్మ గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఇరుగుపొరుగు వాళ్ళు ఆ మొగుడూ పెళ్ళాలు రోజూ కొట్టుకుంటారని అనుకున్నారు. కూతురు భవితది సన్నని గొంతు. పరీక్ష ఫలితాలొచ్చిన రోజు పరిగెత్తుకొచ్చి ఏదో చెప్పింది.

"ఏంటమ్మా?"

మళ్ళీ చెప్పింది.

"ఏంటీ?"

మూడోసారికి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరీక్ష తప్పిందేమో అనుకున్నాడు భూషణం. రత్తమ్మ వంటింట్లోంచి వచ్చి, "పాసైందంటయ్యా!" అని అరిచింది.