ఇవాళ ఎక్కడ నొప్పి?

గేటు దగ్గరే క్లోరిన్ వాసన ముక్కుకు తగిలింది. పెద్దవాళ్ల బ్యాచ్‌లో చేరదామని మొన్న ఆదివారం మా కాలనీ వెనక కొత్తగా కట్టిన ఈతకొలనుకి వెళ్లాను. బల్ల దగ్గరున్నాయన ఫారం ఇచ్చాడు. 'ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా?' అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది. ముప్ఫై ఏళ్ల కిందట విజయవాడలో ఇలాంటి గడిలోనే మా అమ్మ 'ఏమీ లేవు' అని గుండ్రంగా రాసింది. శుద్ధ అబద్ధం. అప్పటికే నాకు ఆస్తమా వచ్చి మూడేళ్లు.

ఈత నేర్పించమన్నది డాక్టరుగారే. నిజం చెబితే చేర్చుకోరని అమ్మ దాచింది. ఆడపిల్లకి ఆయాసమని నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావని ఒక భయం, ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుందని ఇంకో భయం. దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేసేది. "మాస్టారికి చెప్పావంటే రేపట్నుంచి ఈత లేదు, గీత లేదు" అంది. నాకు పన్నెండేళ్లు. నీళ్లంటే ప్రాణం. ఆటల్లో అందరికంటే వెనకబడే నేను నీళ్లలో మాత్రం ఎవరికీ తీసిపోను. అందుకే నోరు కుట్టేసుకున్నాను.

ఆ మాస్టారు జిలానీగారు. రైల్వేలో ఫిట్టరు. మంగళగిరి నుంచి మొదటి బస్సులో వచ్చి, మాకు ఈత నేర్పి, అటునుంచి అటే డ్యూటీకి పోయేవారు. ఆయన హాజరు తీసుకునే పద్ధతే వేరు. పేరు పిలిచినప్పుడు 'ఉన్నాను సార్' అంటే కుదరదు. ఒంట్లో ఎక్కడ నొప్పో చెప్పాలి.

"భుజం సార్."

"అయితే ఇవాళ చేతులకి సెలవు. నీళ్లలో తేలే పలక పట్టుకుని కాళ్లు కొట్టు."

"చెవి సార్."

"తల ముంచొద్దు."

ఎక్కడా లేదన్నవాళ్లు మెట్ల మీద కూర్చోవాల్సిందే. "రోజూ ఈదేవాళ్లకి ఏ నొప్పీ లేకపోవడమేంటి? వెతుక్కుని రండి" అనేవారు.

నేను రోజూ "మడమ సార్" అనేదాన్ని. ఒకరోజు ఆయన పుస్తకంలోంచి తలెత్తకుండానే, "మొన్న ఎడమది, నిన్న కుడిది. నీ నొప్పికి నడక బాగా వచ్చమ్మాయ్" అన్నారు. అందరూ నవ్వారు. దొరికిపోయాననుకుంటూనే నేనూ నవ్వాను.

జిల్లా పోటీలకు ఎంపిక ఇంకో వారం ఉందనగా, ఒక మంచు పొద్దున, ఛాతీలో పిల్లికూతలు ఇంట్లోనే మొదలయ్యాయి. అమ్మని మందు అడిగితే ఈతకి పంపదు. దానికితోడు కాలవగట్టున ఎవరో చెత్త తగలబెట్టారు. "మడమ సార్" అని నీళ్లలోకి దిగిపోయాను. కొలను మూడోసారి దాటుతుండగా ఊపిరి సగంలోనే ఆగిపోయింది. పిలుద్దామంటే గొంతు లేవలేదు. వరసల మధ్య కట్టిన తాడు పట్టుకుని వేలాడుతుంటే మాస్టారు ప్యాంటుతో, చేతి వాచీతో దూకేశారు.

ఆసుపత్రిలో మందు ఆవిరి పట్టారు. ఊపిరి ఆడుతుంటే వరండాలో మాటలు వినిపించాయి. మాస్టారు ఇంకా తడిబట్టల్లోనే ఉన్నారు.

"ఆయాసమని చెప్తే మాన్పిస్తారనుకున్నామండీ" అంది అమ్మ, ఏడుస్తూ.

"చెప్పకపోతే మాన్పిస్తానమ్మా. ఆ మందు నా చేతికివ్వండి. డాక్టరుగారితో నేను మాట్లాడతా."

"నలుగురికీ తెలిస్తే..."

"తెలియాలి గదమ్మా. నేను అటు తిరిగినప్పుడు ఇంకొకరు చూస్తారు."

పదిరోజులకు మళ్లీ కొలనుకి వెళ్లాను. ఎంపిక నేను లేకుండానే అయిపోయింది. ఆ బాధకంటే హాజరంటే భయం ఎక్కువైంది. నా పేరు పిలిచారు. "పిల్లికూతలు సార్" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"గట్టిగా."

గట్టిగా అన్నాను. ఎవరూ నావైపు తిరగలేదు. పక్కనున్న రమణికి తన మోకాలి సంగతి ఎప్పుడు చెబుదామా అన్న తొందరే. మాస్టారు మేకుకి ఈలతోపాటు తగిలించిన సంచిలోంచి ఇన్‌హేలర్ తీసి ఇచ్చారు. "డాక్టరుగారు చెప్పినట్టు పీల్చు. పావుగంట కూర్చుని దిగు. మధ్యలో తాడు పట్టుకుని ఎన్నిసార్లయినా ఆగొచ్చు." దిగాను. నీళ్లలో ఏడిస్తే ఎవరికీ తెలియదు గనక హాయిగా ఏడ్చాను. అమ్మయ్య, ఇక దాచక్కర్లేదు.

ఆ తర్వాత ఆరేళ్లు ఈదాను. పతకాలు పెద్దగా రాలేదు, వాటి మీద బెంగా లేదు. ఉద్యోగంలో చేరాక ఒకసారి, మాస్టారు రిటైరయ్యారని తెలిసి మంగళగిరి వెళ్లాను. గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఒంట్లో ఎలా ఉందంటే, "బ్రహ్మాండంగా ఉందమ్మా, ఏ నొప్పీ లేదు" అన్నారు.

"అయితే మెట్ల మీద కూర్చోండి సార్."

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. కళ్లు తుడుచుకుని, "నడుమమ్మా. ఏడాది నుంచీ. ఇంట్లో చెప్పలేదు" అన్నారు. టీ తెస్తున్న వాళ్లావిడ గుమ్మంలోనే ఆగి, ఆయన్ని కడిగేశారు. ఆ సాయంత్రమే ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. మందులతో తగ్గేదేనన్నారు. తగ్గింది కూడా. తర్వాత వెళ్లినప్పుడు బస్టాండు దాకా నడిచొచ్చి నన్ను బస్సెక్కించారు.

ఫారంలో 'ఆస్తమా' అని రాశాను. చోటు మిగిలితే 'కుడి భుజం' కూడా చేర్చాను. బల్ల దగ్గరాయన చదువుతున్నంతసేపూ, ఈ వయసులోనూ, పన్నెండేళ్ల పిల్లలా నిలబడ్డాను.

"ఇన్‌హేలర్ తెచ్చుకున్నారా మేడమ్?"

"తెచ్చానండీ."

"గట్టు మీద పెట్టి దిగండి" అన్నాడాయన.