పేర్లు మరిచిన ఆదివారం

పొద్దున వీడియో కాల్‌లో గడప దగ్గరున్న స్టీలు క్యాను చూసి, అమ్మమ్మా గదెవరికని పూణే నుంచి మీరిద్దరూ ఒక్కసారే అడిగారు కదా, నవ్వేసి ఫోను పెట్టేశాను. ఆ నవ్వు వెనక దాచింది భయాన్ని పిల్లలూ, ఆటో వచ్చేలోపు ఆ సంగతి చెబుతాను.

మీ అమ్మ పుట్టకముందు నుంచి నేను చొప్పదండిలో మా చర్చి బైబిలమ్మను. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేయడం, ఆడవాళ్లకు వాక్యం చెప్పడం నా పని. మా సంఘంలో ఆడవాళ్లు వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దాచి, ఆదివారం తెచ్చి చర్చి గంపలో పోసేవారు. ఆ గంప మీద చెయ్యి పెట్టి, ఇంటింటి పేరూ పలికి, ఆ ఇంటి జ్వరమో గొడవో తలచుకుని ప్రార్థించడం నా వంతు. కాగితం ముక్క లేకుండా నలభై ఇళ్లూ నోటికొచ్చేవి.

పని నుంచి దిగిపోయిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, కొత్త బైబిలమ్మ గంప దగ్గర నిలబడి ఉండగానే, నా కాళ్లు అలవాటు కొద్దీ నన్ను లేపి అక్కడికే తీసుకెళ్లాయి. ఆమె మర్యాదగా పక్కకు జరిగింది. కళ్లు మూసుకుని మొదలుపెట్టబోతే ఒక్క పేరూ రాలేదు. ఎదురుగా చాప మీద కూర్చున్న మా వదిన పేరు కూడా రాలేదు. చివరికి కొత్త బైబిలమ్మే నా చెయ్యి గంప మీది నుంచి మెల్లగా తీసింది.

"కూసో అమ్మా, నేను చేస్త."

ఆ తర్వాత ఎవరు ప్రార్థన చేయమన్నా గొంతు నొప్పి అనేదాన్ని. గోడకు ఆనుకుని మీ పేర్లు వల్లెవేసుకునేదాన్ని, అవి కూడా పోతే నాకింకేం మిగులుతుందని. పిడికెడు తీయడం మాత్రం మానలేదు కానీ, గంప ముందుకు పోలేక ఆ బియ్యం దాచే డబ్బా ఇంట్లోనే నిండిపోయింది.

మా గోడవతల ఇంట్లో మరమగ్గాలు, మేం సాంచెలంటాం, పొద్దంతా మోగుతుంటాయి. ఒకరోజు అవి ఆగిపోయాయి. ఆ ఇంటి పెద్దామె పరుగున వచ్చింది. కోడలికి ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలట, కరీంనగర్ దవాఖానకు పోవాలంటే ఆ పిల్ల భయంతో మంచం కోడు పట్టుకుని వదలడం లేదట.

"జర నువ్వు రా అక్కా."

"నాకిప్పుడు ప్రార్థన వస్తలేదు చెల్లె, మాటలు మర్చిపోతున్న."

"మాటలెవలడిగిన్రు? మా ఇంట్ల మాటలకేం తక్కువ, నా మొగడొక్కడు చాలు. నువ్వు పక్కన కూసో, గంతే."

వాళ్లతో కరీంనగర్ పోయాను కానీ, మీ తాతయ్యను చివరిసారి తీసుకెళ్లిన దవాఖాన అది. ఆ మెట్ల ముందు కడ్డీ పట్టుకుని ఆగిపోయాను. అది చూసి ఆ పిల్ల, నీకు భయమైతలేదా అమ్మమ్మా అని అడిగింది. బతుకంతా అలాంటి ప్రశ్నకు, దేవుడున్నడు బిడ్డా, భయపడకు అని చెప్పినదాన్ని, ఆ రోజు మాత్రం నిజం వచ్చేసింది.

"ఐతుంది బిడ్డా. మస్తు భయమైతుంది."

"గట్లైతే నన్ను గట్టిగ పట్టుకో" అంటూ ఆ పిల్లే నన్ను మెట్లెక్కించింది.

ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక బయట బల్ల మీద కూర్చుని, మనసులో ఆ పిల్ల పేరొక్కటే పట్టుకున్నాను. ఇంకే మాటా రాలేదు, వెతకనూ లేదు. తల్లీబిడ్డా క్షేమమన్నాక, మర్నాడు డబ్బాలోని బియ్యంతో జావ కాచి క్యానులో తీసుకెళ్లాను. అప్పటి నుంచి ఎవరికి ఆపరేషనన్నా నాకు కబురొస్తుంది. మా గల్లీవాళ్లు నన్ను ఆపరేషనమ్మమ్మ అని ఆటపట్టిస్తారు. ప్రతిసారీ ఆ మెట్ల దగ్గర నాకు అదే భయం.

ఈ రోజు జావ కొత్త బైబిలమ్మకు. కడుపులో గడ్డ ఉందట, రేపు తీస్తారట. నువ్వు రావాలె అమ్మా అని నిన్న ఫోనులో ఏడ్చింది, గంప మీది నుంచి నా చెయ్యి తీసిన ఆ మనిషే. ఇప్పుడు గంప దగ్గర ఆమె పేర్లు ఫోనులో చూసి చదువుతోంది. పిడికెడు తెచ్చే ఇళ్లూ తగ్గిపోయాయి. నలభై పేర్లు మోసిన నోరు నాది, ఇప్పుడు ఒక్క పేరు నిలిస్తే చాలనుకుంటున్నాను. ఆటో వచ్చింది పిల్లలూ. ఎందుకైనా మంచిదని ఆమె పేరు అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను. చెమటకు చెరిగిపోకముందే చేరాలి.