కొమ్మకు కట్టిన సద్ది

రామగిరి గుట్టకు కొందరు కోట చూడడానికి పోతారు, కొందరు వనమూలికల కోసం పోతారు. నేను పెళ్లి కోసం పోయాను.

సంగతేమిటంటే, నేను రామకృష్ణాపూర్‌లో బొగ్గుబావి ఆఫీసు గుమాస్తాను. బి.ఏ. పాసైనవాణ్ని. ఆ రెండింటికీ సంబంధం ఏమిటని ఇంతవరకు ఎవరూ అడగలేదు. గోదావరిఖనిలో మా అమ్మ తరఫు చుట్టాల ఇంట్లో సుగుణ అనే అమ్మాయి ఉంది. రెండుసార్లు చూశాను. నాకు నచ్చింది. నేను ఆమెకు నచ్చానో లేదో రెండుసార్లూ తెలియలేదు. తండ్రి లేడు కాబట్టి మాట ఇవ్వాల్సింది అన్న కొమురయ్య. ఆయన బావిలో టింబర్‌మన్. అంటే లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. తాను నిలబెట్టిన దుంగ పక్కన ఇంతవరకు పెళ్ల రాలలేదని ఆయనకు పేరు. ఆ మనిషి నన్ను దుంగను చూసినట్టే కింది నుంచి పైదాకా చూసి అన్నాడు:

"సదువు మంచిదే సారు. మనిషెట్లనో సూడాలె గద. మేం ఏడాదికోపాలి మూడు దినాలు గుట్ట మీద ఉంటం. మాతోని రాండ్రి. దిగినంక మాట చెప్త."

ఏడాదంతా భూమి కిందికి దిగేవాళ్లు ఏడాదికోసారైనా పైకి ఎక్కాలన్నది ఆయన సిద్ధాంతం. లెక్క సరిపోదు గానీ, పెళ్లి మాట్లాడుకునేటప్పుడు లెక్కలు పట్టించుకోకూడదు.

మూడు రోజులు చెడిపోని తిండి ఏమిటని ఆఫీసులో విచారించాను. ఒకాయన బ్రెడ్డు అన్నాడు. ఒకాయన బిస్కెట్లు అన్నాడు. హెడ్‌క్లర్కు గారు ఫైలులోంచి తలెత్తకుండానే "ఉపవాసం" అన్నారు. అప్పట్లో మా ఊళ్లో ఫ్రిజ్ ఒక్క పెద్ద దొర బంగళాలో ఉండేదని వినికిడి. కాబట్టి తిండి నిలవ గురించి అందరికీ ఒక అభిప్రాయం ఉండేది. మా అమ్మ ఎవరి అభిప్రాయమూ అడగలేదు, గిన్నెడు పులిహోర కలిపింది.

శనివారం పొద్దున ఐదున్నరకు బస్సెక్కి మంచిర్యాలలో దిగాను. ప్యాసింజరు రావాల్సిన టైముకు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. స్టేషన్లో దాన్ని టైముకు రావడం కిందే లెక్కేశారు. నా ఎదురుగా ఒక అవ్వ కూర్చుంది. బండి గోదావరి బ్రిడ్జి ఎక్కగానే కిటికీలోంచి ఒక పైస విసిరి దండం పెట్టుకుంది. తరవాత నా ఒళ్లోని గిన్నె వైపు తిరిగింది.

"అండ్ల ఏంది బిడ్డా?"

"పులిహోర అవ్వా. మూడు దినాలు గుట్ట మీద ఉండాలె."

"మాపటికి తినెయ్యి. రేపటికి అది నిన్ను తింటది."

ఆ ప్రమాదాన్ని తగ్గించడానికి సగం గిన్నె ఆమే ఖాళీ చేసింది. రామగుండంలో దిగేటప్పుడు నా ఆరోగ్యం చాలావరకు భద్రంగా ఉంది.

అక్కడ బస్సెక్కి ఎనిమిదిన్నరకు గోదావరిఖని చేరాను. కొమురయ్య ఇంటి ముందు అరుగు మీద సద్ది కడుతున్నారు. ఈ దారిన వెళ్లదలచుకున్నవాళ్ల కోసం ఏమేమి కట్టారో రాస్తున్నాను. పెనం మీద కాల్చి, మళ్లీ ఎండలో ఆరబెట్టిన జొన్న రొట్టెలు. విరిస్తే పలక విరిగినంత చప్పుడు. పల్లీలు, పుట్నాలు వేయించి తిరగలిలో విసిరిన సత్తుపిండి. బెల్లం అందులో కలపకుండా విడిగా కాగితంలో కట్టారు, ఎందుకంటే బెల్లం చెమరుస్తుంది. అటుకులు, ఎండు కొబ్బరి కుడుకలు. ఉల్లిగడ్డలు, ఎల్లిపాయ కారం. చివరగా, నాలుగు పొరల గుడ్డలో, ఎండు చేపలు. చేపల మూట దగ్గరికి వచ్చేసరికి నేను కొంచెం పక్కకు జరిగాను. ఎండు చేపల వాసన నాకు చిన్నప్పటి నుంచి పడదు. ఆ విషయం ఎవరికీ చెప్పే సందర్భం రాలేదు, నేనూ కల్పించుకోలేదు.

కొమురయ్య చెప్పులు వేసుకుంటున్నాడు. అప్పుడు సుగుణ నా దగ్గరికి వచ్చి ఒక చిన్న పౌడరు డబ్బా చేతిలో పెట్టింది. మూత చుట్టూ మైనం పూసి ఉంది.

"ఇది అన్నోళ్ల సద్దిల కలపకుండ్రి. మీ సంచిలనే ఉంచుండ్రి. మూడో దినం మూత తీసి ఎట్లున్నదో సూడాలె."

"ఏముంది ఇండ్ల?"

"మూటల ఉన్న సత్తుపిండే. ఐదేండ్ల సంది నేను కట్టిచ్చిన సద్ది రెండో దినానికే పాడైతుందట. మొదటేడు రొట్టెల తడున్నదేమో అనుకున్న, ఎండబెట్టిన. తెల్లారేడు ఉప్పు పెంచిన. ఆ మీదేడు బెల్లం యేరు చేసిన. నిరుడు నీళ్లచుక్క తగలనియ్యలే. గదీ పాడైందన్నరు. బూజు పట్టాలన్నా తడి ఉండాలె గద సారు?"

బి.ఏ.లో బూజు గురించి పాఠం లేదు, డబ్బా సంచిలో పెట్టుకున్నాను.

"వచ్చినంక నిజం చెప్తరా, మా అన్న చెప్పుమన్నది చెప్తరా?" అంది.

"నిజమే చెప్త" అన్నాను. గుట్ట ఎక్కకముందు ఆ మాట చాలా తేలిక.

"మీరు ఏం చెప్తరో సూసినంకనే నేను ఒప్పుకునుడో, లేదో" అని లోపలికి పోయింది. నేను ఆమెకు నచ్చానో లేదో మూడోసారి కూడా తెలియలేదు. కానీ ఎప్పుడు తెలుస్తుందో తెలిసింది.

మంథని బస్సులో మాతోపాటు లింగయ్య కాక ఎక్కాడు. ఆయన బావిలో బొగ్గు తట్టలు నింపీ నింపీ మోకాళ్లు పోగొట్టుకున్నాడు. ఆ మోకాళ్లకు పనికొచ్చే వేరు రామగిరి మీద ఉందట. ఆ వేరు కోసం గుట్ట ఎక్కడం వల్లే నొప్పులు పెరుగుతున్నాయేమోనని అడిగాను.

"పెరుగుతనే ఉన్నయి" అన్నాడు కాక. "పెరిగినయని మల్ల వేరుకు పోవాలె. గట్ల నడుస్తుంది."

గుట్ట కింది బేగంపేటలో దిగి, హోటల్లో చాయ తాగి, పదకొండింటికి ఎక్కడం మొదలుపెట్టాం. కోట మొదటి దర్వాజా చేరేసరికి రెండయింది. మిగిలిన పులిహోర అక్కడ ముగించాం. అవ్వ చెప్పిన గడువులోపలే. దర్వాజా లోపల ఒక నీటి ఊట, దాని పక్కన పెద్ద ఇప్పచెట్టు. మా మకాం అక్కడే.

కొమురయ్య దుప్పట్లు పరవలేదు. పొయ్యి పెట్టలేదు. అన్నిటికంటే ముందు నవారు తాడు తీశాడు. సద్ది మూటలన్నీ ఒక్కటిగా చేర్చి, ఇప్పచెట్టు ఎత్తైన కొమ్మకు కట్టాడు. బావిలో పనిచేసేవాళ్లెవరూ సద్దిని నేల మీద పెట్టరు. లోపల ఎలుకలు కుందేళ్లంత ఉంటాయి. పైకప్పు కూలే ముందు అవే మొదట పరుగెత్తి మనుషులకు తెలియజేస్తాయని నమ్మకం కాబట్టి వాటినెవరూ కొట్టరు. కొట్టరు కాబట్టి దుంగకు మేకు కొట్టి సద్దిని వేలాడదీస్తారు.

"కొమురన్నా, ఈడ ఎలుకలున్నయా?" అన్నాను.

"ఎలుకలు లేని జాగ ఉంటదా సారు?"

నేను చెట్టు పైకి చూశాను. పక్క బురుజు మీద నల్ల మొహాల కొండెంగలు ఇరవై దాకా వరసగా కూర్చుని మా ఏర్పాట్లను శ్రద్ధగా గమనిస్తున్నాయి. ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. మాట ఇవ్వాల్సిన మనిషికి ముడి వేయడం నేర్పడం మర్యాద కాదనిపించింది. నోరు మూసుకున్నాను. పెళ్లిచూపుల్లో ఇది మంచి లక్షణమని విన్నాను.

ఆ సాయంత్రం రొట్టె, కారం, ఉల్లిగడ్డ తిన్నాం. సత్తుపిండిలో బెల్లం నలిపి ముద్ద చేసుకున్నాం. చెడడం సంగతి అటుంచి, అంత రుచిగల తిండి మూడు రోజులు మిగలడమే కష్టం. తినడం కాగానే మూట మళ్లీ పైకి పోయింది.

ఆదివారం పొద్దున ఏడింటికి కాక వేరు కోసం బయలుదేరాం. మూడు గంటలు తవ్వితే బొటనవేలంత దొరికింది. తిరిగి వచ్చేసరికి ఇప్పచెట్టు కింద నేల తెల్లగా ఉంది, అటుకులు చల్లినట్టు. చల్లినట్టు కాదు, నిజంగానే చల్లారు. ఒక కొండెంగ కొమ్మ మీద కాళ్లు చాపుకుని మా జొన్న రొట్టె విరుచుకుని నములుతోంది. చప్పుడు కింది దాకా వినిపించింది. తల్లి ఒకటి పిల్ల నోట్లో కుడుక పెడుతోంది. సత్తుపిండి గుడ్డ దులిపినట్టు ఉంది.

కొమురయ్య ముందు చూసింది తాడును.

"సూసిండ్రా సారు? ముడి గింతన్న కదల్లే."

నిజమే. ముడి చెక్కుచెదరలేదు. మూటను కింది నుంచి చింపారు.

"నిరుడు ముడి ఊడింది" అని కాక నాకు విడమరిచి చెప్పాడు. "అంతకు ముందేడు తాడు తెంపినయి. గందుకే ఈ సారి నవారు తెచ్చిండు."

అప్పుడు నాకు తెలిసింది. ఐదేళ్లుగా ఇంట్లో చెల్లెలు సద్ది వంట మారుస్తోంది, గుట్ట మీద అన్న ముడి మారుస్తున్నాడు. ఇద్దరూ ఏటేటా బాగా ముందుకు పోతున్నారు.

కొండెంగలు ముట్టనివి రెండే మిగిలాయి: ఎల్లిపాయ కారం, ఎండు చేపలు. కొమురయ్య చేపలను నిప్పుల మీద కాల్చి నా ముందు ఆకులో పెట్టాడు. నా వైపే చూస్తున్నాడు. నేను ఊపిరి బిగబట్టి ఒకటి తిన్నాను. రెండోది తినేటప్పుడు ఊపిరి వదిలాను. మూడోది అడిగి పెట్టించుకున్నాను. ఆకలికి చదువుకున్న ముక్కు, చదువుకోని ముక్కు అన్న తేడా లేదు. మీరు ఈ గుట్టకు పోతే ఎండు చేపలు తీసుకుపోవడం మరవకండి.

మధ్యాహ్నమే గుట్ట దిగాం. ప్రతి ఏడూ ఇంతేనట. రెండో రోజు దిగడం, బేగంపేట హోటల్లో పూరీలు తిని అక్కడే బల్లల మీద పడుకోవడం, మూడో రోజు ఇంటికి పోయి గుట్ట గురించి చెప్పడం. పూరీలు వచ్చాక కొమురయ్య గొంతు తగ్గించాడు.

"సారు, ఇంట్ల సద్ది పాడైందని చెప్తం. వాసనొచ్చింది, పారబోసినం. గంతే."

"కోతులు తిన్నయంటే ఏమైతది అన్నా?"

"నా దుంగల కింద ఇరవై మంది పనిచేస్తరు. నా ముడి కోతులకు ఆగలేదంటే రేపు షిఫ్టుల తల ఎత్తుతనా?" పూరీ తుంచాడు. "మీరు మనిషి మంచోళ్లే. చేపలు తిన్నరు. నోరు గట్టిదో కాదో, గదొక్కటే సూడాలె."

అంటే అన్నకు కావాల్సింది గట్టి నోరు. చెల్లెలికి కావాల్సింది నిజం. పౌడరు డబ్బా నా సంచిలో ఉంది. ఆ రాత్రి హోటలు బల్ల మీద బాగా నిద్రపోయానని రాస్తే ఎవరూ నమ్మరు.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నర బస్సులో మైనం గీకి మూత తీశాను. వేయించిన పల్లీల వాసన బస్సంతా నిండింది. ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగి, "ఏ ఊరి పిండివంటన్నా?" అని అడిగాడు. కొమురయ్య డబ్బా వైపు చూశాడు. నా వైపు చూశాడు. తరవాత గోదావరిఖని దాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

ఇల్లు చేరగానే అరుగు మీద కొమురయ్య తల్లి నీళ్లిచ్చి అడిగింది: "ఈయేడన్న ఆగిందా బిడ్డా సద్ది?"

"ఏడాగిందే అవ్వా! నిన్న పొద్దుగాలనే వాసనొచ్చింది. పారబోసినం" అన్నాడు కొమురయ్య. కాక తన మోకాళ్లను పరీక్షించడంలో మునిగిపోయాడు.

సుగుణ అన్నను చూడలేదు. నన్ను చూసింది.

నేను డబ్బా తీసి మూత విప్పి అరుగు మీద పెట్టాను. "ఇది బాగుంది" అన్నాను. "తక్కినది గూడ బాగనే ఉండె అనుకుంట. తిన్నోళ్లు ఎవ్వరూ వంక పెట్టలే."

"ఎవరు తిన్నరు?"

"ఓ ఇరవై మంది. నల్ల మొహాలోళ్లు. కొమ్మ మీద కూసోని, పిల్లలకు గూడ పెట్టుకున్నరు."

కొమురయ్య చెంబు కింద పెట్టి లేచాడు.

"ఏంది బావా! గుట్ట మీది ముచ్చట గుట్ట మీద్నే ఉండాలని చెప్పలేదా నీకు!"

కాక మోకాళ్ల మీంచి తలెత్తాడు.

"ఏమంటివి కొమురా?"

"ఏమన్న?"

"బావంటివి. అవ్వ ముంగట, చెల్లె ముంగట, నా ముంగట. ఇది మాత్రం గట్టి ముడే. కోతులు గూడ ఇప్పలేవు."

కొమురయ్య ఏదో అనబోయాడు. అంతలో వాళ్లమ్మ అందుకుంది. ఐదేళ్లుగా దంచిన, విసిరిన, ఎండబెట్టిన సద్ది లెక్కంతా ఒక్కొక్కటే అప్పజెప్పింది. ఆమెకు అంత జ్ఞాపకశక్తి ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియనట్టుంది. సుగుణ మాత్రం, "ఐదేండ్లు కోతులకు వండిపెట్టిన్నా అన్నా!" అని నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

భోజనం పెట్టారు. వేడి అన్నం, పప్పు. ఎండు చేపల కూర కూడా ఉంది. రెండుసార్లు పెట్టించుకున్నాను. బయలుదేరేటప్పుడు సుగుణ అదే పౌడరు డబ్బా తెచ్చిచ్చింది. మూత చుట్టూ కొత్త మైనం.

"మూడు దినాలు ఆగుతదని తెలిసింది. ఎనిమిది దినాలు ఆగుతదో లేదో సూడాలె. ఎనిమిదో దినం మీరే వచ్చి చెప్పుండ్రి."

సాయంత్రం నాలుగున్నర బండి రామగుండంలో ఎక్కాను. జనం బాగానే ఉన్నారు. బ్రిడ్జి మీదికి వచ్చాక నేనూ ఒక పైస విసిరాను. ఎందుకో అడగకండి. ఈ యాత్ర నుంచి పాఠకులు నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే ఇది: తడి తగలని తిండి చెడదు. చెడిందని ఎవరైనా అంటే ముందు వంటను అనుమానించకండి, చెట్టు పైకి చూడండి. చూశాక నోరు మూసుకోవడం మర్యాదే, కానీ ఆ మర్యాదకు మూడు పూటల తిండి ఖర్చవుతుంది.

పక్కనున్న పెద్దమనిషి నా ఒళ్లోని సంచిని చూసి జాలిపడ్డాడు.

"ఇరుకైతుంది గదన్నా. ఇటియ్యి, పైన కొక్కేనికి తగిలిస్త."

"వద్దన్నా" అని సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. "ఎనిమిది దినాలు ఆగాలె ఇది."